కార్తీక సోమవారం మధ్యాహ్నం కాలేయం ఏం చేస్తుంది?

పర్లాకిమిడి నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. కార్తీక సోమవారాలు ఆవిడ ఉపవాసం ఉంటారు. సాయంత్రం నక్షత్రం చూశాకే భోజనం. పక్కింటి ఒడియా వాళ్ళు ఆ నెలంతా హబిష పాటిస్తారు, అంటే రోజుకు ఒక్కపూటే పచ్చిబియ్యపు అన్నం, పెసరపప్పు, చేమదుంప, అరటికాయ, నెయ్యి. "ఉపవాసం ఒంటికి మంచిదని మా అమ్మ అంటుంది. మందుల షాపు ఆయన గ్యాస్ పట్టి అల్సర్ వస్తుందంటాడు. యూట్యూబులో అయితే కాన్సర్ కూడా పోతుందంటున్నారు. మా అత్తగారికి షుగరు ఉంది, ఆవిడా నాతోపాటే ఉంటారు. ఏది నమ్మాలి?"

అల్సర్ సంగతి ముందు తేల్చేద్దాం. కడుపులో పుండుకు ముఖ్య కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనిపెట్టారు. దానికి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండో పెద్ద కారణం ఒళ్ళు నొప్పులకు ఇష్టమొచ్చినట్టు మింగే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు. పుండు ఇప్పటికే ఉన్నవాళ్ళకు ఖాళీ కడుపున మంట ఎక్కువవుతుంది, అది నిజం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు వారానికి ఒకరోజు తినకపోతే పుండు పుట్టదు.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తీరని సంగతి వేరే ఉంది. మన ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం. అందులో కరిగి ఉన్న చక్కెర మొత్తం కలిపితే ఐదు గ్రాములకు మించదు, ఒక టీస్పూను. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల గ్లూకోజు తింటుంది, అంటే గంటకు ఐదు గ్రాములు. ఈ లెక్కన రక్తంలో ఉన్నది గంటలో ఖాళీ అయిపోవాలి. కానీ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తిన్న టీచరమ్మ సోమవారం మధ్యాహ్నం మూడింటికి నిలబడి పిల్లలకు భిన్నాలు చెబుతూనే ఉన్నారు. ఆ చక్కెర ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఒంటిని ఒక ఇల్లు అనుకోండి. వంటగదిలో బియ్యం డబ్బా ఉంది. అది కాలేయంలోని గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ, బాగా తిన్నాక దాదాపు వంద గ్రాములు. పెరట్లో పెద్ద గాదె ఉంది. అది కొవ్వు. గాదె నిండా ఉన్నవి చోళ్ళు, అదే రాగులు. బియ్యం కావు. ఇంట్లో మెదడు అనే పెద్దాయన ఉన్నాడు, ఆయనకు చిన్నప్పటినుంచీ మూడు పూటలా వరి అన్నమే అలవాటు. పక్క గదుల్లో కండరాలున్నాయి. వాటి దగ్గర నాలుగు వందల గ్రాముల దాకా గ్లైకోజెన్ ఉంటుంది గానీ ఆ డబ్బాలకు తాళాలు. గ్లైకోజెన్ నుంచి తీసిన చక్కెరను రక్తంలోకి వదలాలంటే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉండాలి. కాలేయానికి అది ఉంది, కండరానికి లేదు. కాబట్టి కండరం బియ్యం కండరమే తినాలి, పెద్దాయనకు గుప్పెడు కూడా పెట్టలేదు.

రాత్రి తొమ్మిది నుంచి అర్ధరాత్రి దాకా పేగుల నుంచే చక్కెర అందుతుంది. తరవాత ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ అనే మరో హార్మోను పెరుగుతుంది, కాలేయం డబ్బా మూత తీస్తుంది. తెల్లారేసరికి డబ్బాలో చాలా భాగం తగ్గిపోయి ఉంటుంది. మధ్యాహ్నానికి అడుగు కనిపిస్తుంది. నక్షత్రాలు వచ్చే సాయంత్రం ఆరింటికి ఇరవై ఒక్క గంటలు పూర్తి. మొత్తం ఖాళీ కావడానికి ఇరవై నాలుగు గంటలు పడుతుందని సుమారు లెక్క. అంటే కార్తీక సోమవారం ఉపవాసం సరిగ్గా డబ్బా అడుగంటే వేళకు ముగుస్తుంది.

అప్పటిదాకా గాదె ముట్టుకోరా? ముట్టుకుంటారు, ఉదయం నుంచే. కొవ్వు విరిగి కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వస్తుంది. గుండె, కండరాలు వాటిని హాయిగా తింటాయి. చిక్కంతా పెద్దాయనతోనే. కొవ్వు ఆమ్లాలు రక్తంలో ఆల్బుమిన్ ప్రోటీన్‌ను పట్టుకుని తిరుగుతాయి, మెదడుకు సరిపడా లోపలికి వెళ్ళలేవు. పోనీ చోళ్ళను బియ్యంగా మార్చేద్దామంటే అదీ కుదరదు. చక్కెర విరిగితే వచ్చే పైరువేట్, కొవ్వు ఆమ్లం విరిగినా వచ్చే ఎసిటైల్-కోఎంజైమ్-ఎ గా మారే మెట్టు ఒకవైపే తెరుచుకునే తలుపు. చక్కెర కొవ్వు కాగలదు, కొవ్వు ఆమ్లం తిరిగి చక్కెర కాలేదు. కొవ్వులో గ్లిసరాల్ అనే చిన్న భాగం మాత్రమే చక్కెరగా మారుతుంది. స్కూలు పుస్తకాల్లో "కొవ్వు శక్తి నిల్వ" అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. ఈ ఒక్క తలుపు గురించి చెబితే పిల్లలకు షుగరు జబ్బు, ఊబకాయం, ఉపవాసం మూడూ ఒకేసారి అర్థమవుతాయి.

బియ్యం అయిపోతుంటే ఇల్లు మొదట చేసే పని ఇంటి కలప అమ్మి బియ్యం కొనడం. కలప అంటే కండరంలోని ప్రోటీన్. దాన్ని విరగ్గొట్టి, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలను కాలేయానికి పంపితే అది గ్లూకోజు తయారుచేస్తుంది. దీనికి తోడు ఎర్ర రక్తకణాలు వాడి వదిలిన లాక్టేటును కూడా కాలేయం మళ్ళీ చక్కెరగా మారుస్తుంది. ఈ చక్రం పట్టుకున్న కార్ల్, గెర్టీ కోరీ దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. కానీ కలప అమ్ముకుని ఎన్నాళ్ళు? మెదడుకు కావలసిన చక్కెరంతా ప్రోటీన్ నుంచే రావాలంటే రోజుకు దాదాపు కిలో కండ కరగాలి. అలాగైతే మూడు వారాలు దాటడం కష్టం.

కానీ మనుషులు దాటారు. 1929లో లాహోర్ జైల్లో జతీంద్రనాథ్ దాస్ 63 రోజుల నిరాహార దీక్ష తరవాత ప్రాణం వదిలారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు డిసెంబరు 15న కన్నుమూశారు, 58 రోజులు. ఆ దీక్షతో ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికి పర్లాకిమిడి, బరంపురం 1936 నుంచే ఒడిశాలో ఉన్నాయి, అయినా ఆయన పేరు అక్కడి తెలుగు ఇళ్ళలోనూ గౌరవంగానే వినిపిస్తుంది. ఊళ్ళు వేరు, కాలాలు వేరు, అయినా సన్నటి మనుషులు రెండు నెలల దగ్గరే ఆగిపోయారు. ఈ రెండు నెలలు ఎలా సాధ్యం?

1960లలో అమెరికాలో జార్జ్ కాహిల్ బృందం దీన్ని తేల్చింది. వారాల తరబడి ఉపవాసం ఉన్న ఊబకాయుల మెదడుకు వెళ్ళే రక్తాన్ని, తిరిగి వచ్చే రక్తాన్ని పోల్చి చూశారు. మెదడు శక్తిలో సగానికి పైగా గ్లూకోజు నుంచి రావడం లేదని 1967లో ప్రకటించారు. అది కీటోన్ల నుంచి వస్తోంది. కాలేయం కొవ్వు ఆమ్లాలను విరగ్గొట్టి అసిటోఅసిటేట్, బీటా-హైడ్రాక్సీబ్యుటిరేట్ అనే చిన్న అణువులు చేస్తుంది. అవి నీళ్ళలో కరుగుతాయి, మెదడులోకి దూరుతాయి. చోళ్ళు బియ్యం కాలేదు గానీ అంబలి అయింది. పెద్దాయన అంబలి తాగడం నేర్చుకున్నాడు. దాంతో కలప అమ్మడం తగ్గింది. మొదటి రోజుల్లో రోజుకు 75 గ్రాముల ప్రోటీన్ కరిగితే, ఐదారు వారాలకు అది 20 గ్రాములకు పడిపోతుంది. ఇంకో వింత, కాలేయం తాను కాచిన అంబలిని తాను తాగలేదు. కీటోన్లను వాడుకోవడానికి కావలసిన ఎంజైము దానికి లేదు. కాచిందంతా ఇతరులకే.

గాదె పెద్దదైతే ఎన్నాళ్ళయినా నడుస్తుందా? స్కాట్లాండ్‌లో ఆంగస్ బార్బియెరీ అనే 207 కిలోల మనిషి 1965-66లో డాక్టర్ల పర్యవేక్షణలో 382 రోజులు తిండి లేకుండా ఉన్నాడు. విటమిన్లు, పొటాషియం లాంటివి ఇచ్చారు. 82 కిలోలకు దిగాడు. దీన్ని ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు. రోజుల తరబడి పస్తున్న వాళ్ళకు ఒక్కసారిగా అన్నం పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విడుదలైన ఖైదీల విషయంలో డాక్టర్లు ఇది చూశారు.

గాదె తలుపు మూసుకుపోతే ఏమవుతుందో బీహారులోని ముజఫర్‌పూర్ పిల్లల కథ చెబుతుంది. లిచీ పళ్ళ కాలంలో తెల్లవారుజామున పిల్లలు ఫిట్స్ వచ్చి చనిపోతుండేవారు. 2014లో జరిపిన పరిశోధన 2017లో అచ్చయింది. లిచీలో హైపోగ్లైసిన్-ఎ, మరో అలాంటి పదార్థం ఉన్నాయి. అవి కొవ్వు ఆమ్లాలు విరగడాన్ని, కొత్త చక్కెర తయారీని రెంటినీ అడ్డుకుంటాయి. రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో ప్రమాదం బాగా ఎక్కువ. పిల్లవాడి కాలేయం చిన్నది, మెదడు ఒంటితో పోలిస్తే పెద్దది, డబ్బా తెల్లారేలోపే ఖాళీ. ఆ తరవాత గాదె తెరవబోతే తలుపు రాదు. అందుకే పిల్లల్ని ఉపవాసం ఉంచడం నాకు అస్సలు నచ్చదు. గర్భిణుల్లోనూ డబ్బా త్వరగా ఖాళీ అవుతుంది, కీటోన్లు మిగతా ఆడవాళ్ళలో కంటే గబగబా పెరుగుతాయి. ఎవరేమన్నా వాళ్ళు ఆ రోజు తినాల్సిందే.

ఇప్పుడు టీచరమ్మ సోమవారానికి వద్దాం. ఒంటిగంటకు కరకరలాడే ఆకలి, మూడింటికి దానంతటదే తగ్గుతుంది. ఇది అందరికీ అనుభవమే. 1999లో జపాన్‌లో కనిపెట్టిన ఘ్రెలిన్ అనే హార్మోను దీనికి కారణం. అది మనం రోజూ తినే వేళకు పెరుగుతుంది, తినకపోయినా కాసేపటికి దిగిపోతుంది. సాయంత్రపు తలనొప్పికి చాలాసార్లు ఆకలి కారణం కాదు, పొద్దున్న మానేసిన కాఫీ, తాగని నీళ్ళు. మర్నాడు తూకం కిలో తగ్గితే సంబరపడక్కర్లేదు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. డబ్బా ఖాళీ అయితే ఆ నీరూ పోతుంది, మళ్ళీ తింటే మళ్ళీ వస్తుంది. నిజంగా కరిగిన కొవ్వు నూరు, నూట యాభై గ్రాములు.

అది కూడా సాయంత్రం ఏం తిన్నారన్నదాన్ని బట్టి నిలుస్తుంది. పగలంతా సగ్గుబియ్యం ఉప్మా, పళ్ళరసాలు, రాత్రికి పులిహోర, బూరెలు అయితే అది ఉపవాసమే కాదు, వేళ మార్చిన భోజనం. పైగా రోజంతా కొవ్వు తిన్న కండరాలు సాయంత్రం వచ్చిన చక్కెరను వెంటనే తీసుకోవు, అందుకే ఆ మొదటి భోజనానికి షుగరు మామూలు కంటే ఎక్కువ పైకి వెళుతుంది. మొదట పప్పు, కూర, మజ్జిగ, తరవాత కొద్దిగా అన్నం తింటే మంచిది.

ఉపవాసానికి వేరే మహత్తు ఏమైనా ఉందా అని పరీక్షించారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిని రెండు గుంపులు చేసి, ఇద్దరికీ ఒకే తగ్గింపు తిండి పెట్టారు. ఒక గుంపు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినాలి. ఏడాది తరవాత 2022లో వచ్చిన ఫలితం: వాళ్ళు 8 కిలోలు, మిగతావాళ్ళు 6.3 కిలోలు తగ్గారు, అది లెక్కలోకి రాని తేడా. తక్కువ తినడమే పని చేసింది. హబిష వాళ్ళకు నెలలో బరువు తగ్గితే దానికీ ఇదే కారణం. లెక్క పెట్టుకోవడం కంటే ఒక్కపూట నియమం కొందరికి తేలిక, అదొక్కటే దాని గొప్ప. అది చిన్నదేమీ కాదు.

కాన్సర్ పోతుందన్న మాట 2016 నోబెల్ నుంచి సాగదీసినది. యోషినోరి ఓసుమి ఈస్టు కణాలను ఆకలితో ఉంచి, అవి తమలో పాతబడిన భాగాలను తామే తిని వాడుకునే తీరును బయటపెట్టారు. అద్భుతమైన పని. దాన్నుంచి మూడు రోజుల పస్తుతో మనిషి కాన్సర్ నయమవుతుందని చెప్పడం రోగిని చంపే మాట. కాన్సర్ రోగికి కండ కరగడమే పెద్ద శత్రువు.

వాట్సాప్‌లో తిరిగే చంద్రుడి సిద్ధాంతం కూడా చూసే ఉంటారు. ఏకాదశి నాడు చంద్రుడు ఒంట్లో నీటిని లాగుతాడు కాబట్టి తినకూడదట. గోపాలపూర్ ఒడ్డున నిలబడి చూస్తే తెలుస్తుంది, పెద్ద పోటు వచ్చేది అమావాస్య, పౌర్ణమి దగ్గర, ఏకాదశికి కాదు. పైగా పోటు పుట్టేది భూమికి ఈ కొసన, ఆ కొసన చంద్రుడి లాగుడులో తేడా వల్ల. ఆ కొసల మధ్య పన్నెండు వేల ఏడు వందల కిలోమీటర్లు. తల నుంచి పాదానికి ఐదారు అడుగులు. భక్తితో ఉండే ఉపవాసానికి ఇలాంటి అబద్ధపు ఆసరా అక్కర్లేదు.

నీళ్ళు మాత్రం మానొద్దు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే సరిహద్దుకు ఇటు కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ఉద్దానం ప్రాంతం, ఎంతో మందికి కిడ్నీ జబ్బు. వాళ్ళ చుట్టాలు గంజాం, గజపతి జిల్లాల్లోనూ ఉన్నారు. ఒడియా వాళ్ళ జ్యేష్ఠ అమావాస్యకు (మన లెక్కలో వైశాఖ అమావాస్య) సావిత్రీ వ్రతం అంటే నడి ఎండాకాలం. దెబ్బతిన్న కిడ్నీ ఉన్నవాళ్ళు ఆ ఎండలో నీళ్ళు కూడా మానేస్తే అది ఇంకా పాడవుతుంది. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళకు కూడా ఒంట్లో నీరు తగ్గితే కణాలు కొడవలి ఆకారంలోకి వంగి, నొప్పులు మొదలవుతాయి.

చివరగా అత్తగారు. ఆవిడ వాడే మాత్రల పేర్లు చీటీ మీద చూడండి. గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, తినని రోజున షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. డబ్బా తెరవమని కాలేయానికి చెప్పే సంకేతాన్ని ఇన్సులిన్ ఆపేస్తుంది. డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు అయితే ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది, షుగరు మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు హద్దు మీరి రక్తం ఆమ్లం కావచ్చు. వాంతులు, ఆయాసం కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మోతాదు మార్చాలో, ఆ రోజు మానాలో కార్తీకం రాకముందే డాక్టర్ని అడగండి, సొంతంగా మాత్ర ఆపొద్దు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచుకుని మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. 70 కంటే తగ్గినా, చేతులు వణికి చెమట పట్టినా, నక్షత్రాల కోసం ఆగకుండా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తరవాత మళ్ళీ చూడండి.