ప్రవాహం ఆగితే భూమి చల్లబడుతుందా? అపోహలు - వాస్తవాలు

సముద్రాల మీద పని చేస్తానని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే. "గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతోందటగా, నిజమేనా?" గల్ఫ్ స్ట్రీమ్ అంటే ఉత్తర అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పారే వెచ్చటి సముద్ర ప్రవాహం. కొందరు భయంభయంగా అడుగుతారు. ఇంకొందరు హుషారుగా, "అయితే భూమి మళ్లీ చల్లబడుతుందన్నమాట, ఈ వేడి గోల వదిలిపోతుంది" అని జవాబు కూడా వాళ్లే చెప్పేసుకుంటారు. మొదటి రకం వాళ్లతో ఎంతసేపైనా కూర్చుంటాను. రెండో రకం దగ్గరే నా ఓపిక అయిపోతుంది.

అపోహ: మంచు కరిగి ప్రవాహం ఆగిపోతే భూతాపం దానంతటదే సర్దుకుంటుంది.

వాస్తవం: ప్రవాహం వేడిని పుట్టించదు, మింగెయ్యదు. మోస్తుంది, అంతే. మోసేవాడు పని మానేస్తే సరుకు మాయమైపోదు కదా, బయల్దేరిన చోటే పడి ఉంటుంది.

ముందు పేరు సరిచేసుకుందాం. గల్ఫ్ స్ట్రీమ్‌ను ప్రధానంగా నడిపేది గాలులు, భూభ్రమణం. ఆ రెండూ ఉన్నంతకాలం అది పూర్తిగా ఆగదు. మా టెన్షనంతా ఏమాక్ (AMOC) అనే ఇంకా పెద్ద చక్రం గురించి. అట్లాంటిక్ పై పొరల్లోని వెచ్చటి ఉప్పునీరు ఉత్తరానికి వెళ్తుంది, గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల సముద్రాల్లో తన వేడిని గాలికి ఇచ్చేస్తుంది, చల్లబడి బరువెక్కి మునుగుతుంది, లోతుల్లోంచి దక్షిణానికి తిరిగొస్తుంది. ఈ చక్రమే ఏమాక్. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 2004 నుంచి పరికరాలు దించి దీన్ని కొలుస్తున్నారు. సగటున సెకనుకు దాదాపు 1.7 కోట్ల ఘనపు మీటర్ల నీరు. ప్రపంచంలోని నదులన్నీ కలిపి సముద్రంలో పోసే నీటికి ఇది పది రెట్ల పైమాటే.

ఈ చక్రానికి కీలకం నీరు మునగడం. మునగాలంటే చలి ఒక్కటే చాలదు, ఉప్పు కూడా ఉండాలి. గ్రీన్‌లాండ్ మంచుపలక ఏటా సగటున 27,000 కోట్ల టన్నుల మంచు కోల్పోతోందని 2002 నుంచి ఉపగ్రహాలు చెబుతున్నాయి. ఆ నీటిలో ఉప్పు ఉండదు. అది పైన తేలిగ్గా పరుచుకుంటే, చలికాలం వచ్చినా కిందికి దిగడానికి మొరాయిస్తుంది. చక్రం నెమ్మదిస్తుంది.

అప్పుడేమవుతుంది? వాయవ్య యూరప్‌లో చలి పెరగొచ్చు, నిజమే. కానీ అక్కడికి చేరని వేడి అట్లాంటిక్ దక్షిణ భాగంలో పోగుపడుతుంది. ఉష్ణమండలపు వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది. ఆఫ్రికాలో, ఆసియాలో రుతుపవనాలు బలహీనపడే ప్రమాదం ఉంది. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో సముద్రమట్టం మరింత పెరుగుతుంది. ఇన్ని జరిగినా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మాత్రం వేడిని పట్టి ఉంచే పని ఆపదు. వంటింటి తలుపు మూస్తే ముందుగది చల్లబడినట్టు ఉంటుందేమో కానీ పొయ్యి ఆరదు. "ఎలాగూ చల్లబడుతుందిగా, ఉద్గారాలు తగ్గించడం దేనికి?" అనే మాట వినడానికి తెలివిగా ఉంటుంది. దానంత ఖరీదైన పొరపాటు ఈ రంగంలో ఇంకోటి నాకు తెలీదు.

అపోహ: ఏమాక్ 2025లో కుప్పకూలుతుందన్నారు, కాలేదు. అంతా ఉత్తదే.

వాస్తవం: 2023లో వచ్చిన ఒక అధ్యయనం 2025 నుంచి 2095 దాకా ఒక పెద్ద వ్యవధి ఇచ్చింది. శీర్షికల్లోకి వచ్చేసరికి మొదటి అంకె ఒక్కటే మిగిలింది. ఆ లెక్క మీద శాస్త్రవేత్తల్లోనే గట్టి వాదనలున్నాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నాటి నివేదికలో చెప్పింది ఇదీ: ఈ శతాబ్దంలో ఏమాక్ బలహీనపడే అవకాశం చాలా ఎక్కువ, 2100 లోపు హఠాత్తుగా కుప్పకూలదని మాత్రం ఒక మోస్తరు నమ్మకం. ఆ ఒక మోస్తరు దగ్గరే నాకూ నిద్ర చెడుతుంది, దాచడం దేనికి. అయితే కుప్పకూలడమంటే కుళాయి కట్టేసినట్టు కాదు. ఒక హద్దు దాటాక దశాబ్దాల పాటు సాగే పతనం. రాత్రికి రాత్రి మంచుయుగం రాదు. రాత్రుళ్లు ఇది తలచుకుని కూర్చునేవాళ్లు కనీసం ఆ ఒక్క భయం పక్కన పెట్టేయండి.

ఏడాది రెండేళ్ల అంకెలు చూసి తీర్పులివ్వడం కూడా ఆపాలి. 2009-10లో ఏమాక్ దాదాపు 30 శాతం పడిపోయింది, మళ్లీ కోలుకుంది.

ఈ విషయంలో నేనూ తక్కువ తినలేదు. కొత్తగా ఓడెక్కిన రోజుల్లో ఒక రాత్రి సీటీడీ దించాం. లోతుల్లో నీటి ఉప్పు, వేడి కొలిచే పరికరం అది, నమూనా నీళ్లు పట్టే సీసాలు కూడా దాంతోపాటే దిగుతాయి. రెండు వేల మీటర్ల దగ్గర లవణీయత ఉండాల్సినదానికంటే 0.02 తక్కువ చూపిస్తోంది. చూడ్డానికి చిల్లర తేడా. కానీ లోతుల్లో మేం మూడో దశాంశ స్థానం కోసం కొట్టుకుంటాం. మంచినీరు ఇంత లోతుకి దిగిపోయిందా అని గుండె దడదడలాడింది. పరుగెత్తుకెళ్లి మా సీనియర్‌ని నిద్ర లేపాను. ఆయన కళ్లు నలుపుకుంటూ ఒకటే అడిగారు: "సీసాల్లో నీళ్లు పరీక్షించావా?"

"లేదండీ."

"అయితే నన్నెందుకు లేపావు?"

తెల్లారి అదే లోతు నుంచి తెచ్చిన సీసా నీళ్లను ఉప్పు కొలిచే సాలినోమీటర్‌లో పెడితే లవణీయత మామూలుగానే ఉంది. సెన్సార్ గొట్టంలో పల్చగా నాచు పట్టిందట, అందుకే రీడింగ్ తగ్గింది. సముద్రం మారలేదు, నా పరికరం మురికిగా ఉంది. ఆ రాత్రి నా చేతిలో వాట్సాప్ ఉండి ఉంటే ఇంకో పుకారు పుట్టేది.

మిగిలినవి గబగబా.

"అంటార్కిటికా చుట్టూ మంచు పెరుగుతోందిగా?" 2014 దాకా సముద్రపు మంచు పెరిగింది. 2016 నుంచి బాగా తగ్గింది. పాత గ్రాఫులు పంపడం మానండి.

"గ్లాసులో ఐసు ముక్క కరిగితే నీటి మట్టం పెరగదుగా?" తేలే మంచుకు ఆ మాట దాదాపు నిజం. నేల మీదున్న మంచుకు కాదు. గ్రీన్‌లాండ్‌దంతా కరిగితే దాదాపు 7.4 మీటర్లు, అయితే దానికి శతాబ్దాలు, వేల ఏళ్లు పడతాయి. పైగా తేలే మంచు కూడా ఊరికే లేదు, వెనకున్న హిమానీనదాలకు అడ్డుకట్టలా నిలబడి ఉంటుంది. 2002లో అంటార్కిటికా ద్వీపకల్పంలో లార్సెన్-బి అనే తేలే మంచుపలక మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా కొన్ని వారాల్లోనే ముక్కలైపోయింది. అది తేలే మంచే కాబట్టి దానివల్ల సముద్రం దాదాపు పెరగలేదు. దాని వెనకున్న హిమానీనదాలు మాత్రం కొన్ని రెట్ల వేగంతో సముద్రంలోకి జారడం మొదలుపెట్టాయి.