ఇంజన్ దించకముందు నాన్న పక్కన ఒకసారి కూర్చోండి

చిరంజీవులు బుజ్జమ్మకూ, అబ్బోడికీ తాత దీవెనలు.

మొన్న ఫోనులో మీ నాన్న గొంతు నీరసంగా వినిపించింది. పికప్ బండి యాక్సిలేటర్ తొక్కితే చాలు అదిరిపోతోందట. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయుంటాయి, ఇంజన్ దించి చూడాలని షెడ్డులో అన్నారట. టమాట కాపు మీదున్నప్పుడు బండి వారం రోజులు నిలబడితే ఇంట్లో ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అందుకే మీకు రాస్తున్నా. బండి తోలే వయసు మీకింకా రాలేదు. కానీ పక్కన కూర్చుని గమనించి, నోటుబుక్కులో రాసుకోగలరు. తోలేవాడి కళ్లు రోడ్డు మీద ఉండాలి కాబట్టి ఈ పని మీరే చెయ్యాలి.

బండిలో ఇంజనుది ఒక వేగం. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్ దాకా పోయే జాయింట్ షాఫ్టుది ఇంకో వేగం. చక్రాలది మరొకటి. 60 కిలోమీటర్ల వేగంలో పోతుంటే మన బండి చక్రం సెకనుకు ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది. షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుంటే, షాఫ్టు సుమారు ముప్పై చుట్లు తిరిగినట్టు. అదురు ఈ మూడింటిలో దేని వేగంతో మారుతుందో కనిపెడితే, సగం పని అయిపోయినట్టే.

ముందు బండిని నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో రేసు మెల్లగా నిమిషానికి 2,000 చుట్ల దాకా పెంచమనండి. అక్కడే అదిరితే ఇంజనునో, దాని కింద ఉండే మౌంటింగ్ రబ్బర్లనో అనుమానించాలి. అదరలేదనుకోండి, అప్పుడే ఇంజను మంచిదని తేల్చకండి. బరువు లాగనప్పుడు చాలా జబ్బులు దాక్కుంటాయి.

తర్వాత ఖాళీగా ఉన్న రోడ్డు మీద మూడో గేరులో 40లో పోనివ్వమనండి. అదురు వచ్చిందా? అదే 40లో నాలుగో గేరు వెయ్యమనండి. ఇప్పుడు ఇంజను చుట్లు తగ్గాయి, షాఫ్టు, చక్రాలు మాత్రం అంతే వేగంగా తిరుగుతున్నాయి. అదురు మారకుండా ఉంటే తప్పు షాఫ్టు వైపో, చక్రాల వైపో ఉంది. తగ్గినా, తీరు మారినా ఇంజను వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇది చెయ్యకుండా పార్టులు మార్చడం నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

బండి కదిలేటప్పుడు మాత్రమే అదిరి, క్లచ్ పెడల్ పూర్తిగా వదిలేసరికి ఆగిపోతే క్లచ్ ప్లేటు దగ్గర వెతకాలి. పెడల్ వదిలాక కూడా 20 దాకా వణికితే షాఫ్టు మధ్యలో ఉండే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో చూడాలి.

ఇంజను మిస్సింగ్ కొడితే, అంటే ఏదో ఒక సిలిండరు సరిగా మండకపోతే, ఆ దెబ్బ తీరే వేరు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నిమిషానికి 1,800 చుట్ల దగ్గర సెకనుకు మొత్తం 60 మంటలు, ఒక్కో సిలిండరుకు 15. ఒకటి పనిచెయ్యకపోతే ఆ పదిహేను చోట్లా గుంత పడినట్టు కుదుపు తెలుస్తుంది. డీజిల్ ఫిల్టరులో నీళ్లు చేరినా, పైపులో గాలి పీల్చినా బండి లాగలేక జర్కులిస్తుంది. ఇంజనుకు గాలి నెట్టే టర్బో హోసు పగిలితే బలం తగ్గి నల్ల పొగ కక్కుతుంది. ఇవన్నీ ఇంజన్ దించకుండానే చూడొచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నా. పాత డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టరు పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, ఏ సిలిండరు చచ్చిందో కనుక్కునేవాళ్లం. కామన్ రైల్ ఇంజనుతో, అంటే ఒకే పైపులో గట్టి ఒత్తిడితో ఉంచిన డీజిల్ అన్ని ఇంజెక్టర్లకూ పోయే కొత్త రకం ఇంజనుతో, ఆ పని ఎవ్వరూ చెయ్యకూడదు. ఆ పైపులో ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది. సన్నని డీజిల్ ధార చర్మాన్ని తూట్లు పొడిచి లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో అంతగా ఉండదు, కానీ వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలు, చెయ్యి పోగొట్టుకోవాల్సి రావచ్చు. ఇంజను ఆడుతున్నప్పుడు ఆ పైపుల దగ్గర మీ చేతులు ఉండొద్దు తల్లీ.

నా సంగతి చెప్తా. ఒకసారి చిత్తూరు నుంచి పలమనేరు వస్తూ మొగిలి ఘాటు ఎక్కుతుంటే 40 దగ్గర సీటు కింద జుమ్మని అదురు మొదలైంది. కాలు ఎత్తితే తగ్గుతుంది, తొక్కితే లేస్తుంది. ఇంజనే అనుకున్నాను. ఇంజెక్టర్లు విప్పించి సరి చేయించాను, డబ్బు పోయింది, అదురు పోలేదు. ఆ తర్వాత ఒక ముసలి మేస్త్రి నన్ను అడిగింది ఒకే ప్రశ్న: ‘ఇది మొదలవ్వడానికి ముందు బండికి ఏం పని చేయించావు?’ అంతకు మూడు రోజుల ముందే షాఫ్టు విప్పి క్రాసు (షాఫ్టు వంగుతూనే తిరగడానికి దాని చివర ఉండే కూడిక గుర్తు ఆకారపు జాయింటు) మార్పించాను!

క్రాసు వంగి తిరిగేటప్పుడు అవతలి వైపు ఒకే తీరుగా తిరగదు. చుట్టుకు రెండుసార్లు కాస్త ముందుకు దూకి, రెండుసార్లు వెనకబడుతుంది. వెనక ఉండే రెండో క్రాసు ఆ తేడాను సరిచేస్తుంది, కానీ షాఫ్టు రెండు చివర్లలో క్రాసును పట్టుకునే చెవులు ఒకే వరసలో ఉంటేనే. నా బండిలో షాఫ్టు మధ్యనున్న స్లిప్ జాయింటును, అంటే షాఫ్టు పొడవు సర్దుకునేలా ఒకదాంట్లో ఒకటి జారే పళ్ల అతుకును, పళ్లు తప్పించి బిగించారు. సరి చెయ్యాల్సిన క్రాసు అదురును ఇంకా పెంచింది. విప్పి, గుర్తులు కలిపి బిగించేసరికి గంట కూడా పట్టలేదు. మీ ఫిజిక్సు పుస్తకంలో స్ప్రింగు సూత్రం చెప్పిన రాబర్ట్ హుక్ ఉన్నాడే, 17వ శతాబ్దంలో ఈ జాయింటు తిరిగే తీరును కూడా ఆయన పరిశీలించాడు. అందుకే దీన్ని హుక్స్ జాయింట్ అని కూడా అంటారు.

నాన్న బండి కింద చూసేటప్పుడు ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కింద దూరకూడదు. క్రాసుకు అటూ ఇటూ షాఫ్టును పట్టుకుని తిప్పితే టక్కుమంటుందా? క్రాసు కప్పుల చుట్టూ ఎర్రని తుప్పు పొడి ఉందా? ఉంటే గ్రీసు ఎండి బేరింగులు అరిగిపోయినట్టు. షాఫ్టు విప్పాల్సి వస్తే, ముందే రెండు వైపులా పెయింటు చుక్క పెట్టమని మేస్త్రికి చెప్పండి. ఈ మధ్య కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఏమైనా ఎక్కించారేమో కూడా అడగండి. బండి ఎత్తు మారితే షాఫ్టు వంపు కూడా మారుతుంది.

ఏ గేరు, ఎంత వేగం, బరువుందా ఖాళీనా, కాలు ఎత్తితే ఏమైంది, చివరిసారి షెడ్డులో ఏం చేశారు, ఇవి రాసుకుని ఆదివారం సాయంత్రం నాకు ఫోను చెయ్యండి. అప్పటిదాకా ఇంజన్ దించొద్దని నేను చెప్పానని నాన్నతో చెప్పండి.

మీ తాత