ప్రోగ్రామింగ్ భాష ఎంపికలో పోర్టబిలిటీ: అపోహలు - వాస్తవాలు

గుంటూరు, విజయవాడల్లో మేం ఎక్కువగా రాసేవి మిర్చి కమీషన్ దుకాణాలకు, కోల్డ్ స్టోరేజీలకు, మందుల హోల్‌సేల్ వ్యాపారులకు కావలసిన బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాములు. ఇవి ఒకసారి పెడితే ఏళ్ల తరబడి నడవాలి, ఈలోగా కంప్యూటర్లు మారిపోతాయి. అయినా కొత్త ప్రాజెక్టుకు భాషను ఎంచుకునేటప్పుడు "విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడవాలి కాబట్టి ఫలానా భాష తీసుకుందాం" అని ఒకరు అనడం, మిగిలినవారు సరేననడం, చర్చ అక్కడితో ముగిసిపోవడం తరచూ జరుగుతోంది. తరవాత వచ్చే ఇబ్బందులన్నీ కౌంటర్ దగ్గర కూర్చునే గుమస్తా మీద పడతాయి కాబట్టి పోర్టబిలిటీ గురించి, అంటే ఒకే ప్రోగ్రామ్ వేర్వేరు కంప్యూటర్లలో, ఆపరేటింగ్ సిస్టమ్‌లలో నడవగలగడం గురించి, వివరంగా రాయాలనిపించింది.

అపోహ: పోర్టబుల్ భాషలో రాస్తే ప్రోగ్రామ్ కూడా పోర్టబుల్ అవుతుంది.

వాస్తవం: సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను "ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి" అన్న నినాదంతో తెచ్చింది. జావా ప్రోగ్రామ్ మారే మధ్యస్థ రూపమైన బైట్‌కోడ్ వరకు ఆ మాట నిజమే. అయితే ప్రోగ్రామ్ లెక్కలు చేసి ఊరుకోదు. ఫైళ్లు తెరుస్తుంది, ప్రింటర్‌కు పంపుతుంది, కాటా నుంచి బరువు చదువుతుంది. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే ఎలక్ట్రానిక్ కాటా సీరియల్ కేబుల్ ద్వారా బరువును పంపుతుందనుకోండి. ఆ పోర్టు విండోస్‌లో కామ్ 3 వంటి పేరుతో కనిపిస్తే, లినక్స్‌లో డెవ్ డైరెక్టరీ కింద ఒక ఫైలుగా కనిపిస్తుంది. జావా ప్రామాణిక లైబ్రరీలో సీరియల్ పోర్టును చదివే ఏర్పాటే లేదు కాబట్టి బయటి లైబ్రరీ వాడాలి, దానిలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక్కో ప్రాసెసర్‌కూ విడిగా తయారు చేసిన నేటివ్ కోడ్ ఉంటుంది. మీరు కొనబోయే ఆర్మ్ ప్రాసెసర్ పెట్టెకు ఆ ముక్క లేకపోతే, మిగతా కోడ్ ఎంత పోర్టబుల్ అయినా బరువు తెరమీదికి రాదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది తెలుగు అక్షరాల సమస్య, ఎందుకంటే అది వెంటనే బయటపడదు. జావా 18 వెర్షన్ 2022లో వచ్చేవరకు, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) చెప్పకుండా, ఫైల్లోకి రాసే ఫైల్‌రైటర్ వాడితే అది ఆపరేటింగ్ సిస్టమ్ డిఫాల్ట్‌నే తీసుకునేది. లినక్స్‌లో అది సాధారణంగా తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ రాయగల యూటీఎఫ్-8, ఇంగ్లిషు సెట్టింగుల విండోస్‌లో తెలుగు అక్షరాలే లేని విండోస్-1252. రైతు పేరు వెంకటేశ్వర్లు అయితే, అదే ప్రోగ్రామ్ లినక్స్‌లో సరిగ్గా రాస్తుంది, విండోస్‌లో మాత్రం ఆ ఫైల్లో వరసగా 13 ప్రశ్నార్థకాలు మిగులుతాయి (గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి). ఎర్రర్ ఏదీ రాదు, వాటి నుంచి పేరును తిరిగి రాబట్టే దారీ లేదు. ఇలాంటి చోట పైథాన్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. సమాచారం నిశ్శబ్దంగా పోవడం కంటే ప్రోగ్రామ్ ఆగిపోవడమే నయమని నా గట్టి అభిప్రాయం. ఏ భాషలో రాసినా, ఫైలు తెరిచే ప్రతి చోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి.

అపోహ: సీ భాష పాతది, పోర్టబుల్ కాదు.

వాస్తవం: యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్‌ను 1973లో సీలో తిరగరాశారు, తరవాత దాన్ని వేరే రకం కంప్యూటర్ల మీదికి తీసుకెళ్లడం అందువల్లే సాధ్యమైంది. ఈనాడు ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ అన్నింటిలోనూ నడిచే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సీలోనే ఉంది. జాగ్రత్త మాత్రం తప్పదు. పూర్ణాంకాలను ఉంచే లాంగ్ అన్న రకం 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు. స్టాకు రికార్డును స్ట్రక్చర్ (కొన్ని ఫీల్డులను కలిపిన మూట) రూపంలో నేరుగా ఫైల్లోకి రాసి రెండో సిస్టమ్‌లో చదివితే అంకెలన్నీ తారుమారవుతాయి. సీ భాష 1999 ప్రమాణంలో వచ్చిన నిర్దిష్ట పరిమాణపు రకాలు వాడితే ఈ తేడా పోతుంది. అప్పటికీ స్ట్రక్చర్‌ను ఉన్నదున్నట్టు కాకుండా ఫీల్డుల వారీగా రాయడమే క్షేమం.

అపోహ: పోర్టబిలిటీ ఎప్పుడైనా మంచిదే, దానికి ఖర్చు లేదు.

వాస్తవం: ఒకే కోడ్‌తో అన్ని సిస్టమ్‌లకూ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు తయారు చేసే ఎలక్ట్రాన్ అనే సాధనంతో చేసిన ప్రతి అప్లికేషన్ తనతోపాటు క్రోమియం బ్రౌజర్‌ను మోసుకొస్తుంది. 4 జీబీ మెమొరీ ఉన్న పాత కౌంటర్ కంప్యూటర్ మీద ఆ భారం వెంటనే తెలుస్తుంది. దుకాణంలో అన్నీ విండోస్ కంప్యూటర్లే ఉండి, యజమానికి మార్చే ఆలోచన లేనప్పుడు సీషార్ప్ భాషలో స్క్రీన్లు తయారు చేసే విన్‌ఫార్మ్స్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. సీషార్ప్ ప్రోగ్రాములను నడిపే డాట్‌నెట్ కోర్ 2016లో లినక్స్‌కు వచ్చినా విన్‌ఫార్మ్స్ మాత్రం విండోస్‌కే పరిమితం కాబట్టి, కమీషన్, హమాలీ, అద్దె లెక్కల కోడ్‌ను స్క్రీన్ల కోడ్‌తో కలపకుండా విడి లైబ్రరీగా ఉంచితే చాలు. రేపు లినక్స్‌కు మారవలసి వస్తే తిరిగి రాయవలసింది స్క్రీన్లూ ప్రింటింగూ మాత్రమే.

అపోహ: అన్ని సిస్టమ్‌లకూ బిల్డ్ (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారీ) అయితే పని అయిపోయినట్టే.

వాస్తవం: గో భాషలో రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (సెట్టింగులు) మార్చి విండోస్ కంప్యూటర్ మీదే లినక్స్ ప్రోగ్రామ్ తయారు చేయవచ్చు, ఇది నిజంగా గొప్ప సౌకర్యం, సీ లైబ్రరీ ఏదైనా కలిపితే మాత్రం అంత సులువు కాదు. అయినా బిల్డ్ కావడం వేరు, డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద బిల్లు గీతల మధ్య సరిగ్గా పడడం వేరు. ప్రింటింగ్ పనిని విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అనే, లినక్స్‌లో కప్స్ అనే సాఫ్ట్‌వేర్‌కు పంపే పద్ధతులు వేరు కాబట్టి, ఆ పరీక్షను ఆ దుకాణంలోనే, ఆ కాటాతో, ఆ ప్రింటర్‌తో, యార్డులో మిర్చి రాకలు పెరగకముందే చేసి తీరాలి.