వీడియో కాల్‌లో సీపీఆర్: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో ఎమర్జెన్సీ డాక్టర్‌గా పనిచేస్తూ, వీలైనప్పుడల్లా ఊళ్లకు వెళ్లి సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీని పదేపదే నొక్కి రక్తం ఆడేలా చేయడం, నేర్పిస్తుంటాను. ఈమధ్య అందరూ అడిగేది ఒకటే: "ఎవరైనా కుప్పకూలితే మీకు వీడియో కాల్ చేస్తే సరిపోతుంది కదా సార్?" సరిపోదు. కానీ వాడే తీరులో వాడితే వీడియో చాలా సాయపడుతుంది.

అపోహ: వీడియో కలిశాకే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

వాస్తవం: ముందు 108. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన నేల మీద ఉంచండి, వాళ్లు చెబుతుండగానే నొక్కడం మొదలుపెట్టండి. గుండె ఆగాక సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. శిక్షణ బొమ్మల మీద చేసిన పరిశోధనల్లో వీడియో చూస్తూ చెప్పినప్పుడు వేగం, చేతులు పెట్టే చోటు మెరుగయ్యాయి, కానీ మొదలుపెట్టడం ఆలస్యమైంది. అందుకే ముందు మాట, తర్వాతే వీడియో. అదీ పట్టుకోవడానికి ఇంకో మనిషి, ఇంకో ఫోన్ ఉంటేనే.

అపోహ: గురక పెడుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే.

వాస్తవం: ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఇదే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య ఒక రైతు పడిపోయాడనుకోండి. చుట్టూ ఉన్నవాళ్లు "గురక వస్తుంది, ఏం కాదు" అని నోట్లో నీళ్లు పోయబోతారు. పిలిస్తే పలక్కుండా, ఆగి ఆగి చేప నోరు తెరిచినట్టు ఎగశ్వాస తీస్తుంటే అది గుండె ఆగిన గుర్తు. ఫోన్‌లో మాటలతో ఇది తేల్చుకోవడం మాకు కష్టం. వీడియోలో చూస్తే చాలాసార్లు ఇట్టే తెలిసిపోతుంది. నీళ్లు వద్దు, నొక్కండి.

అపోహ: కెమెరా పేషెంట్ ముఖం మీద పెట్టాలి.

వాస్తవం: ఒక్కసారి ముఖం, ఛాతీ చూపిస్తే చాలు. ఆ తర్వాత పక్క నుంచి, నొక్కేవాళ్ల భుజాల నుంచి అరచేతుల దాకా కనబడేలా పట్టుకోండి. మోచేతులు వంగుతున్నాయా, చేతులు ఛాతీ ఎముక దిగువ సగం మీద ఉన్నాయా, పొట్ట మీదికి జారాయా అన్నది అప్పుడే కనిపిస్తుంది. చాలా ఇళ్లలో మనిషిని నులక మంచం మీదే ఉంచి నొక్కుతారు. ఛాతీకి బదులు మంచం దిగుతుంది! వెంటనే గట్టి నేల మీదికి దించాలి. లోతు మాత్రం తెరమీద సరిగా అంచనా దొరకదు. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి.

అపోహ: సిగ్నల్ లేకపోతే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: బొమ్మ ఆగితే వీడియో కట్ చేసి మామూలు కాల్‌లో ఉండండి. బయటికి లెక్కపెడుతూ నొక్కండి, వేగం మాకు చెవితోనే తెలుస్తుంది.

అపోహ: పక్కటెముక విరిగితే మన మీదికే వస్తుంది.

వాస్తవం: విరగొచ్చు. అయినా ఆపొద్దు. ఎముక అతుక్కుంటుంది.

ఇక నీళ్లలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు నోటితో ఊపిరి కూడా ఇవ్వాలి, అది విడిగా నేర్చుకోవాలి. పెద్దవాళ్లకు నొక్కేటప్పుడు రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, అలసిన చేతులు లోతుగా నొక్కలేవు. అంబులెన్స్ సైరన్ వినగానే లేచి నిలబడతారు చాలామంది. సిబ్బంది పక్కకొచ్చి కూర్చుని "మేం చూసుకుంటాం" అనేదాకా నొక్కుతూనే ఉండండి.