చేత్తో ఎక్కించే పని మానండి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు,

ఆశీస్సులు. కాలేజీ గ్రంథాలయంలో ఏ పుస్తకం అందుబాటులో ఉందో, ఏది బయటికి వెళ్లిందో చెప్పే యాప్‌ను మీరిద్దరూ కలిసి తయారు చేశారని మీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. అందులో మీరు వేసిన ప్రశ్నకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. "మార్పు చేసిన ప్రతిసారీ నాలుగైదు కమాండ్లు కొట్టి క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాం పెద్దమ్మా. పని జరిగిపోతూనే ఉంది. దాన్ని ఆటోమేట్ చేయడం కోసం మళ్లీ సమయం పెట్టాలా?" అని అడిగారు. పెట్టాలి.

శ్రమ తగ్గుతుందని మీ సీనియర్లు చెప్పి ఉంటారు. అది నిజమే కానీ, నా దృష్టిలో అంత పెద్ద కారణం కాదు. మీరు పరీక్షించి చూసుకున్నదీ జనం వాడుతున్నదీ అచ్చంగా ఒకటే అయి ఉండాలి. అది జనం దాకా ఏ దారిన చేరిందో ఎవరైనా చదివి తెలుసుకోగలగాలి. చేత్తో చేసే పనిలో ఈ రెండింటికీ హామీ లేదు.

2012 ఆగస్టు 1న అమెరికాలో ఏం జరిగిందో చెబుతాను. నైట్ క్యాపిటల్ అని షేర్ల లావాదేవీలు జరిపే పెద్ద సంస్థ ఉండేది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆ రోజు ప్రారంభిస్తున్న కొత్త పథకం కోసం వాళ్లు తమ ప్రోగ్రామ్‌ను మార్చారు. మార్చిన కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఆ పని చేసిన టెక్నీషియన్ ఏడింటిలో పెట్టి ఎనిమిదో దాన్ని వదిలేశాడు. ఇంకొకరు సరిచూడాలన్న నియమం ఎక్కడా రాసి లేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో 2003 నుంచి వాడకుండా వదిలేసిన పాత కోడ్ అలాగే ఉంది. పైగా కొత్త కోడ్‌ను నడిపించడానికి ఎంచుకున్న ఫ్లాగ్, అంటే మీటలాంటి గుర్తు, ఒకప్పుడు ఆ పాత కోడ్‌ను నడిపించిన ఫ్లాగే. మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్ ఆగకుండా ఆర్డర్లు కురిపించింది. సుమారు 45 నిమిషాల్లో 40 లక్షల లావాదేవీలు జరిగాయి, 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

సరిదిద్దబోయి వాళ్లు చేసిన పని ఇంకా బాధాకరం. తప్పంతా కొత్త కోడ్‌దే అనుకుని, సవ్యంగా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచీ దాన్ని తీసేశారు. దాంతో ఆ ఏడూ పాత కోడ్‌నే నడపసాగాయి. మరుసటి ఏడాది అమెరికా షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెక్యూరిటీస్ కమిషన్ విచారించి 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ విచారణ పత్రం వల్లే ఈ వివరాలన్నీ లోకానికి తెలిశాయి. ఆ టెక్నీషియన్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఒకే పనిని ఎనిమిది చోట్ల చేత్తో చేయమంటే ఏదో ఒకచోట ఎవరి దృష్టైనా తప్పుతుంది. ఏ యంత్రంలో ఏ కోడ్ నడుస్తోందో చప్పున చెప్పగల ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం.

ఆ లోపాన్ని తీర్చే పనిముట్లు ఇప్పుడు విద్యార్థులకు కూడా అందుబాటులో ఉన్నాయి. 2013లో డాకర్ అనే పనిముట్టు వచ్చాక కంటైనర్లు, అంటే యాప్‌ను దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టెలు, అందరికీ అలవాటయ్యాయి. మీ కోడ్, దాన్ని నడిపే పైథాన్, ఇతరులు రాసిపెట్టిన కోడ్ అయిన లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ ఒకే ఇమేజ్‌లో, అంటే కంటైనర్‌ను మొదలుపెట్టే అచ్చులో, చేరతాయి. ఆ ఇమేజ్‌లో ఏముందో దాన్నిబట్టి లెక్కగట్టిన డైజెస్ట్ అనే వేలిముద్రలాంటి సంఖ్య దానికి ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మారినా డైజెస్ట్ మారిపోతుంది. మీరు మీ ఇమేజ్‌కు 'లేటెస్ట్' అనే ట్యాగ్ తగిలిస్తున్నారు. ఆ ట్యాగ్ నిన్న ఒక ఇమేజ్‌ది, ఇవాళ మరొకదానిది. రేపు ఏదైనా చెడిపోతే ఏది వెనక్కి తేవాలో మీకే తెలియదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో ప్రతి మార్పుకీ ఉండే కమిట్ సంఖ్యనే ట్యాగ్‌గా పెట్టండి. అప్పుడు నడుస్తున్న ఇమేజ్‌ను చూసి అది ఏ కోడ్‌తో తయారైందో వెంటనే చెప్పగలుగుతారు.

ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే మీ డాకర్‌ఫైల్ కూడా చూశాను. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసిన తర్వాత లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేస్తున్నారు. ముందు లైబ్రరీల జాబితా ఉన్న ఫైలొక్కటే కాపీ చేయండి, ఆపైన ఇన్‌స్టాల్ చేయండి, మిగతా కోడ్‌ను ఆఖరున తీసుకురండి. ఇమేజ్ పొరలు పొరలుగా తయారవుతుంది. ఒక పొర మారితే దాని తర్వాతివన్నీ మళ్లీ కట్టాల్సిందే. మీరు రాసిన వరసలో ఒక శీర్షికలో అచ్చుతప్పు దిద్దినా లైబ్రరీలన్నీ మొదటి నుంచి దిగుతాయి. ఆ జాబితాలో ప్రతి లైబ్రరీకి వెర్షన్ కూడా రాయండి. లేకపోతే అదే డాకర్‌ఫైల్‌తో వచ్చే నెల వేరే ఇమేజ్ తయారవుతుంది.

ఇక నడిపే చోటు గురించి. మీరు ఎంచుకున్న, కంటైనర్లను నడిపిపెట్టే గూగుల్ సేవ క్లౌడ్ రన్ 2019లో వచ్చింది. అలాంటి సేవే అయిన అమెజాన్ లాంబ్డా కూడా 2020 డిసెంబరు నుంచి కంటైనర్ ఇమేజ్‌లను స్వీకరిస్తోంది. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే అమెజాన్ క్లౌడ్ రీజియన్, అంటే యంత్రాలుండే కేంద్రం, మొదలైంది కాబట్టి ఎప్పుడైనా దాన్నీ ప్రయత్నించండి. ప్రస్తుతానికి క్లౌడ్ రన్ మీ అవసరానికి సరిపోతుంది, ముంబై రీజియన్ పెట్టుకోండి. ఎవరూ వాడనప్పుడు అక్కడ మీ కంటైనర్ ఒక్కటి కూడా నడవదు. ఎవరైనా పేజీ తెరవగానే ఒకటి లేస్తుంది, అందుకే తొలి జవాబు కాస్త ఆలస్యమవుతుంది. రద్దీ పెరిగితే మరికొన్ని లేస్తాయి.

ఈ వెసులుబాటుకు కొన్ని షరతులున్నాయి. కంటైనర్ మొదలయ్యేటప్పుడు 'పోర్ట్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే యాప్‌కు బయటి నుంచి అందే సెట్టింగులో, క్లౌడ్ రన్ ఒక సంఖ్య ఇస్తుంది, మామూలుగా అది 8080. మీ యాప్ ఆ పోర్టు మీదే, అంటే అభ్యర్థనలు వచ్చే ఆ ద్వారం దగ్గరే, వినాలి. అది కూడా 0.0.0.0 చిరునామా మీద, అంటే బయటి నుంచి వచ్చేవీ అందేలా, వినాలి. మీ యాప్‌కు ఆధారమైన ఫ్లాస్క్ తనంతట తాను 127.0.0.1 మీద, అంటే ఆ యంత్రానికి మాత్రమే అందేలా, 5000 పోర్టులో కూర్చుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచే యాప్ క్లౌడ్‌లో మొదలే కాలేదని మొదటి రోజు బెంగపడ్డారే, దానికి కారణం ఇదే. రెండో షరతు ఇంకా ముఖ్యం. కంటైనర్ లోపల రాసిన ఫైలు మెమరీలో ఉంటుంది, కంటైనర్ ఆగగానే పోతుంది. పుస్తకాల వివరాలను మీరు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్లో దాస్తున్నారు. రాత్రి ఎవరూ వాడకపోతే తెల్లారేసరికి ఆ రోజు ఇచ్చిన పుస్తకాల లెక్క మాయమవుతుంది. డేటాబేస్‌ను బయట విడిగా పెట్టండి. ఆటోమేషన్ కన్నా ముందు చేయాల్సింది ఈ పనే.

తర్వాత దారి వేయండి. మీ కోడ్ గిట్‌హబ్ అనే సైట్‌లో ఉంది కాబట్టి అక్కడి ఆటోమేషన్ సేవ గిట్‌హబ్ యాక్షన్స్ చాలు. వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్‌లో, చేయాల్సిన పనులను వరసగా చెప్పే ఒక యామల్ ఫైలు రాస్తారు; ఆ పనుల వరసే వర్క్‌ఫ్లో. మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అసలు శాఖలోకి, కోడ్ చేరగానే గిట్‌హబ్ ఒక కొత్త యంత్రాన్ని తెరిచి, ఆ ఫైల్లో రాసినట్టు ఇమేజ్ కట్టి, ఆ ఇమేజ్ మీదే పరీక్షలు నడిపి, నెగ్గితే ఇమేజ్‌ల గిడ్డంగి అయిన ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీలో దాచి, అక్కడి నుంచి క్లౌడ్ రన్‌లో డిప్లాయ్ చేస్తుంది, అంటే నడిచేలా పెడుతుంది. ఇమేజ్ ఒక్కసారే కట్టాలి. పరీక్షకు ఒకటి, డిప్లాయ్‌కి ఇంకొకటి కడితే ఇంత శ్రమా వృథా. ఆ యంత్రం ప్రతిసారీ ఖాళీగా మొదలవుతుంది కాబట్టి, పొరలను దాచుకునే క్యాష్‌ను మీరే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక్కడ ఒక విషయంలో నేను పట్టుబడతాను. గూగుల్ ఖాతాలోకి గిట్‌హబ్ ప్రవేశించడానికి సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రామ్‌కు ఇచ్చే ఖాతా) తాళంచెవి ఫైలును డౌన్‌లోడ్ చేసి గిట్‌హబ్‌లో అతికించమని చాలాచోట్ల రాసి ఉంటుంది. అలా చేయవద్దు. ఆ ఫైలు మీరు తొలగించేదాకా చెల్లుతూనే ఉంటుంది. ఎవరి చేతికి చిక్కినా మీ పేరుతో పని చేయవచ్చు, బిల్లు మాత్రం మీకు వస్తుంది. దానికి బదులు వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్ అనే గూగుల్ ఏర్పాటు వాడండి. వర్క్‌ఫ్లో నడిచేటప్పుడు గిట్‌హబ్ సంతకం చేసిన టోకెన్, అంటే గుర్తింపు చీటీలాంటిది, ఒకటి ఇస్తుంది. ఏ రిపాజిటరీ (కోడ్ దాచిన చోటు), ఏ బ్రాంచ్ అన్నది అందులో ఉంటుంది. గూగుల్ దాన్ని సరిచూసి కొద్దిసేపే చెల్లే అనుమతి ఇస్తుంది. దాచాల్సిన తాళంచెవే ఉండదు. మీ రిపాజిటరీ పేరును షరతుగా తప్పకుండా పెట్టండి. అది లేకపోతే ఇతరుల రిపాజిటరీలకూ తలుపు తెరిచినట్టే. ఆ సర్వీస్ అకౌంట్‌కు ఇమేజ్ దాచే అనుమతి, డిప్లాయ్ చేసే అనుమతి, యాప్ నడిచే అకౌంట్‌ను వాడుకునే అనుమతి ఇస్తే చాలు. ఓనర్ హోదా ఇవ్వకండి.

డిప్లాయ్ చేసిన ప్రతిసారీ క్లౌడ్ రన్‌లో కొత్త రివిజన్, అంటే ఆ ఇమేజ్‌తో, సెట్టింగులతో కూడిన ఒక ప్రతి, తయారవుతుంది, పాతవీ ఉంటాయి. రివిజన్‌ను ఎవరూ దిద్దలేరు, ఇంకొకటి తయారు చేయగలరంతే. కొత్త రివిజన్‌ను మొదట జనానికి చూపకుండా పెట్టి, దానికి వేరే చిరునామా తీసుకుని, వెతుకులాట పేజీ తెరుచుకుంటోందో లేదో వర్క్‌ఫ్లోతోనే చూపించండి. తెరుచుకుంటే పది శాతం మందిని దానికి పంపండి, ఆ తర్వాత అందరినీ. చెడిపోతే మొత్తం ట్రాఫిక్‌ను పాత రివిజన్‌కు మళ్లించడం ఒక్క కమాండ్ పని. నైట్ క్యాపిటల్ వాళ్లకు ఆ ఉదయం ఇంతటి స్పష్టత ఉంటే, సవ్యంగా ఉన్న ఏడు సర్వర్ల జోలికి వెళ్లేవాళ్లే కాదు. అయితే డేటాబేస్ పట్టికలో ఒక నిలువు వరసను తీసేశారనుకోండి, పాత రివిజన్‌కు వెళ్లినా అది పనిచేయదు. పట్టికకు ముందు కొత్తది చేర్చండి, పాతదాన్ని ఏ రివిజనూ వాడడం లేదని తేలాకే తీయండి.

డబ్బు విషయం కూడా చెప్పాలి, మీది విద్యార్థుల ఖాతా. ఒకేసారి ఎన్ని కంటైనర్లు నడవవచ్చో పరిమితి పెట్టుకోండి, మీకు మూడు చాలు. ఒక్కో కంటైనర్ మామూలు సెట్టింగులోనే ఏకకాలంలో 80 అభ్యర్థనల దాకా తీసుకుంటుంది, మీ కాలేజీకి అది ధారాళం. బడ్జెట్ హెచ్చరిక కూడా పెట్టండి. అది మెయిల్ పంపుతుందే తప్ప ఖర్చును ఆపదు కాబట్టి కంటైనర్ల పరిమితిని మాత్రం మరవకండి.

ముందు డేటాబేస్ బయటికి తీయండి, తర్వాత యామల్ ఫైలు రాయండి. డిప్లాయ్ చేసే ముందు ఆ ఫైలూ, సర్వీస్ అకౌంట్‌కు ఇచ్చిన అనుమతుల జాబితా నాకు పంపండి. ఆదివారం కూర్చుని చూసి, ఏవి తీసేయాలో రాస్తాను.

మీ పెద్దమ్మ