పాత ఇంటి మరమ్మతు కప్పు నుంచి మొదలవ్వాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో గోడకు గోడ ఆనుకొని వరుసగా కట్టిన పాత పెంకుటిళ్లను బాగుచేయించుకునేవారిలో చాలామంది ముందు ఏసీ కొంటారు. అది గదిని చల్లబరచడం లేదని తరువాత పెంకులు దింపించి శ్లాబు వేయిస్తారు. రెండింటిలోనూ ఖర్చు ఎక్కువ, చల్లదనం తక్కువ. వేడి ఏ దారిన ఇంట్లోకి వస్తున్నదో చూసుకోకుండా పని మొదలుపెట్టడమే ఇందుకు కారణం.

వరుస ఇంటికి రెండు పక్కల గోడలూ పొరుగువారితో ఉమ్మడి కాబట్టి వాటికి ఎండ తగలదు. వీధివైపు గోడకు అరుగు మీది వసారా నీడనిస్తుంది. మిగిలేది కప్పు. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు; అప్పటి నుంచి జులై నెలాఖరు దాకా మిట్టమధ్యాహ్నం కొద్దిగా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఆ రోజుల్లో ఇంటిలో మరే భాగం మీదా పడనంత ఎండ కప్పు మీద పడుతుంది.

కాగిన పెంకు అడుగుభాగం 60 డిగ్రీల సెల్సియస్ వద్ద, గదిలోని వస్తువులు 35 డిగ్రీల వద్ద ఉన్నాయనుకుందాం. వికిరణం రూపంలోనే, అంటే తాకకుండా వెదజల్లే సెగగానే, చదరపు మీటరుకు సుమారు 150 వాట్ల వేడి కిందికి దిగుతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది వైశాల్యం దాదాపు 11 చదరపు మీటర్లు. ఆ లెక్కన 1,600 వాట్లకు పైమాటే. ఒక టన్ను ఏసీ గదిలోంచి తోడివేయగలిగేది 3,500 వాట్లు. అంటే కొన్న యంత్రం శక్తిలో దాదాపు సగం పెంకులతో పోట్లాడటానికే సరిపోతుంది.

పాత మేస్త్రీలు ఈ లెక్క కట్టకపోయినా విరుగుడు కట్టారు. దూలాల మీద చెక్కలో వెదురో పరిచి, పైన మట్టి మెత్తి, పెంకులకూ గదికీ మధ్య అటక నిలిపారు. తరువాతివారు చెదలకు భయపడి చాలా ఇళ్లలో దానిని తీయించేశారు. అటక మిగిలి ఉంటే చెడిన చెక్క మార్పించి, చెదమందు కొట్టించి, మట్టిపూత మళ్లీ వేయించడం కంటే లాభసాటి మరమ్మతు లేదని నా అభిప్రాయం. అటక లేనిచోట పెంకు నేయించేటప్పుడు వాసాల అడుగున అల్యూమినియం రేకు అంటించిన షీటు బిగించవచ్చు. మెరిసే అల్యూమినియం తన మీద పడిన వికిరణంలో సుమారు 5 శాతమే పీల్చుకుంటుంది, తాను వెదజల్లేదీ అంతే తక్కువ; కాబట్టి పై లెక్కలోని 150 వాట్లు పది వాట్ల దరికి దిగుతాయి, గాలి మోసుకొచ్చే వేడి మాత్రం కొంత మిగులుతుంది. ఈ గుణం పనిచేయాలంటే మెరిసే ముఖానికి ఎదురుగా ఖాళీ ఉండాలి. రెండువైపులా దేనికైనా ఆనితే వేడి లోహం గుండా నేరుగా పాకిపోతుంది. ఒకవైపే మెరిసే షీటు అయితే ఆ ముఖాన్ని కిందికి పెట్టాలి, ఎందుకంటే పైముఖం మీద దుమ్ము పేరుకుని మెరుపు చచ్చిపోతుంది.

శ్లాబు సంగతి వేరు. ఆరంగుళాల కాంక్రీటు గుండా వేడి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది గనుక మధ్యాహ్నం పీల్చుకున్నదంతా చీకటిపడే వేళకు పడకగదిలోకి వస్తుంది; పలచని పెంకు పొద్దుగుంకగానే చల్లారుతుంది. కొత్త నివాసాల కోసం 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పు గుండా చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి ప్రవహించకూడదు. ఏ రక్షణా లేని శ్లాబులో అది దాదాపు మూడింతలు. ఇప్పటికే శ్లాబు వేయించినవారు ఏటా వేసవికి ముందు డాబాకు తెల్లసున్నం కొట్టించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

పెంకును తుపాను గాలి లేపేస్తుందన్న భయం న్యాయమైనదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. గాలి చూరు కిందికి దూరి కప్పును పైకి నెడుతుంది కాబట్టి వాసాల కొనలను ఇనుప పట్టీలతో గోడకు కట్టించాలి, అంచు వరుసల పెంకులను గారతో బిగించాలి.

ఇల్లంతా గాలి చొరకుండా మూసివేసే పద్ధతి, 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో అతి తక్కువ ఇంధనంతో వెచ్చగా ఉండేలా కట్టిన తొలి పాసివ్ హౌస్ నివాసాలకు సరిపోయినంతగా, ఉక్కపోత తీరానికి నప్పదు. పైన చెప్పిన సంహితే ఇటువంటి వాతావరణంలో తెరుచుకునే తలుపులు, కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలంటుంది. వరుస ఇంటిలో వీధి తలుపు, నడుమ తలుపు, పెరటి తలుపు ఒకే గీతలో ఉండటం గాలి కోసమే. ఆ గీతకు అడ్డంగా స్నానాలగది కట్టిస్తే ఇల్లు ఉక్కిపోతుంది. గాలిలో తేమ ఎక్కువ గనుక ఎయిర్ కూలర్ ఇక్కడ పెద్దగా పనిచేయదు. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల, బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టుకోవడం మేలు.

మట్టిగోడలకు సిమెంటు పూత వేయిస్తే నేల నుంచి ఎక్కిన చెమ్మ బయటికి ఆరే దారి లేక లోపలే నిలుస్తుంది, తడిసిన గోడ వేడిని మరింత సులువుగా లోపలికి పంపుతుంది. సున్నపు పూత ఆవిరిని వదులుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఏసీ కావాలనిపిస్తే అటకో సీలింగో ఉన్న ఒక్క గదికే పెట్టించుకోవాలి. పెంకులు నేరుగా కనిపించే గదిలో చల్లగాలి వాటి సందుల్లోంచి వీధిలోకి పోతుంది.