ఈటీఎఫ్‌లా, మ్యూచువల్ ఫండ్లా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పెట్టుబడి సలహా కోసం వచ్చేవాళ్లు తరచూ అడిగేది ‘రెండింటిలో ఏది బెటర్?’ అని. రెండూ చాలామంది డబ్బు కలిపి పెట్టుబడి పెట్టే ఫండ్లే. ఈటీఎఫ్‌ను షేరులా ఎక్స్ఛేంజీలో రోజంతా కొనొచ్చు, అమ్మొచ్చు. మ్యూచువల్ ఫండ్‌ను రోజుకొక్క ధరకు ఫండ్ సంస్థ నుంచే కొంటాం. ఫండ్‌లో ఏముంది, మీరు ఎంతెంత, ఎన్నాళ్లకోసారి కొంటారు అన్నవి తెలియకుండా నేను జవాబు చెప్పను.

అపోహ: ఈటీఎఫ్ అంటే ఇండెక్స్‌ను (షేర్ల సూచీని) అనుసరించేది, మ్యూచువల్ ఫండ్ అంటే మేనేజర్ ఎంచిన షేర్లు.

వాస్తవం: జాన్ బోగల్ స్థాపించిన అమెరికా ఫండ్ సంస్థ వాన్‌గార్డ్ 1976లో మామూలు మదుపరుల కోసం తెచ్చిన ఇండెక్స్ ఫండ్, మ్యూచువల్ ఫండే. అమెరికాలో తొలి ఈటీఎఫ్ 1993లో వచ్చింది. ఇప్పుడు మేనేజర్లు నడిపే ఈటీఎఫ్‌లూ ఉన్నాయి.

అపోహ: ఈటీఎఫే ఎప్పుడూ చవక.

వాస్తవం: అందరూ ఎక్స్‌పెన్స్ రేషియో (ఫండ్ నడిపే ఖర్చుకు ఏటా తీసుకునే శాతం) ఒక్కటే చూస్తారు. ఈటీఎఫ్‌ది 0.1 శాతం, అదే ఇండెక్స్ మీదున్న ఫండ్‌ది 0.3 శాతం అనుకుందాం. ఏడాదికి మిగిలేది 0.2 శాతం. కానీ ఆ ఈటీఎఫ్ కొనాలంటే 100.50, అమ్మాలంటే 99.50 పలుకుతుంటే, కొని అమ్మేసరికి దాదాపు 1 శాతం పోతుంది. కొనే ధరకు, అమ్మే ధరకు మధ్య ఉన్న ఈ తేడానే స్ప్రెడ్ అంటారు. అంటే అయిదేళ్ల ఆదా ఒక్క స్ప్రెడ్‌లోనే హరీ! బ్రోకరేజీ దీనికి అదనం. నెలనెలా చిన్న మొత్తాలు వేసేవాళ్లకు నేను ఇండెక్స్ ఫండే చెబుతాను. పెద్ద మొత్తం ఒకేసారి పెట్టి ఏళ్ల తరబడి కదపనివాళ్లకు, స్ప్రెడ్ తక్కువగా ఉంటే, ఈటీఎఫ్ నయం.

అపోహ: ఈటీఎఫ్ ధర, అందులోని షేర్ల విలువ ఎప్పుడూ ఒకటే.

వాస్తవం: మామూలు రోజుల్లో దగ్గరగానే ఉంటాయి. ఈటీఎఫ్ ధర షేర్ల విలువను మించితే పెద్ద సంస్థలు షేర్లను ఫండ్‌కు అప్పగించి కొత్త యూనిట్లు తీసుకుని మార్కెట్లో అమ్ముతాయి. తగ్గితే యూనిట్లు కొని, వాటిని తిరిగిచ్చి షేర్లు తీసుకుంటాయి. తేడాలో తమకు లాభం ఉంది కాబట్టే ఆ పని చేస్తాయి. షేర్ల ధరలే సరిగా తెలియనప్పుడు మాత్రం వెనక్కి తగ్గుతాయి. 2015 ఆగస్టు 24 ఉదయం అమెరికాలో అదే జరిగింది. ఎస్ అండ్ పీ 500 సూచీ 5 శాతం దాకా పడితే, కొన్ని ఈటీఎఫ్‌లు కాసేపు 30 శాతానికి పైగా పడిపోయాయి. ఆ సమయంలో స్టాప్ లాస్ (ధర ఒక స్థాయికి పడగానే అమ్మేయమనేవి), మార్కెట్ ఆర్డర్లు (ఏ ధర ఉంటే ఆ ధరకే అనేవి) పెట్టినవాళ్లకు దొరికింది ఆ పాతాళం ధరే. అందుకే ఈటీఎఫ్ కొన్నా అమ్మినా లిమిట్ ఆర్డరే (మీరు చెప్పిన ధరకు లేదా అంతకన్నా మంచి ధరకే జరిగేది) వాడండి. మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో ఆగండి. మ్యూచువల్ ఫండ్‌లో ఈ టెన్షన్ లేదు, గడువులోగా వచ్చిన ఆర్డర్లన్నిటికీ ఆ రోజు ఎన్‌ఏవీయే (ఫండ్‌లోని షేర్ల విలువను బట్టి లెక్కగట్టే యూనిట్ ధర).

అపోహ: రోజుకొక్క ధరే కాబట్టి మ్యూచువల్ ఫండ్‌లో రిస్క్ తక్కువ.

వాస్తవం: లోపల అవే షేర్లుంటే నష్టమూ అంతే. ఊగిసలాట మీకు కనిపించదు, అంతే తేడా.

అపోహ: ఈటీఎఫ్‌తో పన్ను ఎక్కడైనా కలిసొస్తుంది.

వాస్తవం: అది ప్రధానంగా అమెరికా చట్టం వల్ల వచ్చిన వెసులుబాటు. అక్కడ ఈటీఎఫ్ షేర్లను అమ్మకుండా నేరుగా పెద్ద సంస్థలకు అప్పగిస్తుంది కాబట్టి, మూలధన లాభాల పంపిణీ (షేర్లు అమ్మగా ఫండ్‌కు వచ్చిన లాభాన్ని మదుపరులకు పంచడం), దానిపై ఏటా పడే పన్ను మదుపరులకు చాలావరకు తప్పుతాయి. మీరుండే దేశపు నిబంధన చూడకుండా ఈ లాభాన్ని లెక్కలో కలుపుకోకండి.